కొసరుగా ఒక గీత

కరివేపాకు కోసం వెనక్కి తిరిగి చూసి నేను ఒక స్కూటర్‌ను గుద్దాను. ఇన్సూరెన్సు వాళ్లకు ఈ ముక్క చెప్పలేదు. చెప్పినా దాన్ని ఏ గడిలో రాసుకోవాలో వాళ్లకు తెలిసేది కాదు.

ఆ పొద్దున మోండా మార్కెట్‌లో వారానికి సరిపడా కూరలు కొన్నాను. టమాటాల దగ్గర ఒకసారి, బీరకాయల దగ్గర ఒకసారి కొనకుండా వెళ్లిపోతున్నట్టు నటించి, రెండుసార్లూ వెనక్కి పిలిపించుకున్నాను. గెలిచిన మనిషిలా కారెక్కాను. మార్కెట్ దాటి సిగ్నల్ దగ్గర ఆగాక అనుమానం వచ్చింది, కూరలమ్మే ఆమె కొసరు వేసిందా అని. అంత సరుకు కొన్నాక కరివేపాకు, కొత్తిమీర నాలుగు రెబ్బలు సంచిలో పడేయడం మర్యాద. అది అడిగించుకోకూడదు కూడా. సంచి వెనక సీటులో మూతి తెరుచుకుని ఉంది. తల తిప్పి చూశాను. టమాటాలు కనిపించాయి, కరివేపాకు కనిపించలేదు. ఈలోగా పచ్చ లైటు పడింది, ముందున్న బండ్లు కదిలాయి, నేనూ కదిలాను. ఎవరిదో తోపుడు బండి అడ్డం రావడంతో ముందున్న స్కూటర్ మళ్లీ ఆగింది. నేను ఆగలేదు.

తగిలిన చప్పుడు చిన్నదే. కానీ నా డిక్కీలో ఎప్పుడూ స్టీలు గిన్నెల నమూనాలు ఉంటాయి. మా తమ్ముడి దుకాణానికి హాస్టళ్ల నుంచి, క్యాంటీన్ల నుంచి ఆర్డర్లు తెచ్చేది నేనే. ఆ గిన్నెల మూతలన్నీ ఒక్కసారిగా మోగాయి. ఏదో ఘోరం జరిగిందనుకుని చుట్టుపక్కల దుకాణాల వాళ్లు బయటికొచ్చారు.

స్కూటర్ మీదున్నావిడ పడలేదు. రెండు కాళ్లూ నేలకు ఆనించి అలాగే నిలబడిపోయింది. నా వయసుదే. నూలు చీర, మెడలో బడి కార్డు. ముందు హెల్మెట్ తీసింది, తర్వాత హ్యాండిల్‌కు తగిలించిన లంచ్ బ్యాగు ఒలికిందేమోనని చూసుకుంది, ఆ తర్వాతే నా వైపు తిరిగింది. స్కూటర్ వెనక లైటు పగిలింది, మడ్‌గార్డు వంగింది. నా కారుకు బంపర్ చీలి, ఒక హెడ్‌లైటు పగిలి లోపలికి పోయింది.

దుకాణంలో పెరిగిన దాన్ని. ముందు గొంతు పెంచిన వాళ్లదే పైచేయి అని నాకు ఉగ్గుపాలతో పట్టారు. నోరు తన పని తాను చేసింది.

"అట్ల నడిమిట్ల బ్రేకేస్తే ఎట్లమ్మా? ఎనకాల బండ్లుంటయి కదా," అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. "మీరు వెనక్కి తిరిగి ఉన్నారండి. నాకు అద్దంలో మీ జడ కనిపించింది," అంది.

నేను ఒక మాటంటే అవతలివాళ్లు ఒకటి అనాలి, అప్పుడు నేను కాస్త దిగాలి, వాళ్లు కాస్త దిగాలి. బేరమంటే అది. ఈవిడ చూసిందేదో చూసినట్టు చెప్పి ఊరుకుంది. దిగడానికి నాకు మెట్టే లేకుండా పోయింది. పక్క సందులోని మెకానిక్ దగ్గర స్కూటర్ బాగు చేయించాను. వాడితో నేను బేరమాడుతుంటే ఆవిడ పక్కనే నిలబడి, నాటకం చూస్తున్నట్టు చూసింది. వెళ్లేటప్పుడు ఫోన్ నంబరు ఇచ్చి, ఏదైనా అవసరమైతే చేయండి అని, నేను చెప్పాల్సిన మాట తానే చెప్పింది. టీచరట. ఇల్లు లాలాగూడలో, రైల్వే క్వార్టర్స్ అవతల.

ఇంటికొచ్చి సంచి కుమ్మరిస్తే అడుగున టమాటాల కింద కరివేపాకు ఉంది.

ఇక మా ఆయనకు చెప్పాలి. అసలు భయం అక్కడ మొదలైంది.

యాభై దాటాక కారు నేర్చుకుంటానంటే మా ఆయన వద్దనలేదు, షరతు పెట్టాడు. బండి ఆయన పేరు మీద ఉంది. ఆదివారాలు ఆయన నడుపుతాడు, మిగతా రోజులు మెట్రోలో ఆఫీసుకు వెళ్తాడు కాబట్టి నేను నడపొచ్చు. కానీ నా చేతిలో బండి మీద ఒక్క గీత పడినా తాళంచెవి తిరిగి ఆయనకు ఇచ్చేయాలి. నేను బేరమాడి 'ఒక్క గీత'ను 'పెద్ద గీత' దాకా తెద్దామని చూశాను. అకౌంట్స్ మనిషి, దిగలేదు. నేను ఒప్పుకున్నాను. ఆ తాళంచెవి వచ్చాకే నేను అంతకుముందు ఎన్నేళ్లు మరిది బండి కోసం, తమ్ముడి ఆటో కోసం గడప మీద చెప్పులేసుకుని కూర్చున్నానో నాకు తెలిసొచ్చింది. గిన్నెల ఆర్డర్లు కూడా ఆ తాళంచెవితోనే వచ్చాయి.

పగిలిన హెడ్‌లైటు ముందు మా ఆయన చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"మనిషికేం కాలే కదా. సరే. ఇన్సూరెన్స్ సాఫ్‌గ అయిపోతే ఇది ఒక్కటి మాఫ్. కొట్లాట, స్టేషన్, ఎంక్వైరీ, గిట్ల ఏమన్న షురువైతే మాత్రం తాళంచెవి నా బీరువలకే పోతది."

అంటే క్లెయిమ్ సాఫీగా పాసైతే తాళంచెవి నాది, లేకపోతే పోయినట్టే. ఆయన దిగగలిగినంత దిగాడని నాకు అర్థమైంది. అక్కడితో ఆగితే సరిపోయేది.

కానీ నా దగ్గర ఇంకో సంగతి ఉంది. కారు ఎడమవైపు వెనక తలుపు మీద, కింది భాగంలో, ఒక పొడుగాటి గీత. ఎండాకాలంలో ఒకరోజు కారు కడుగుతుంటే కనిపించింది. నీలంగా, చెయ్యి పెడితే గరుకుగా తగిలింది. అంతకు కొద్దిరోజుల ముందు ఒక షాపింగ్ కాంప్లెక్స్ సెల్లార్‌లో బండి తిప్పుతుంటే గర్‌మని ఏదో వినిపించిన గుర్తు. అక్కడి స్తంభాలకు కింద నీలం రంగు పట్టీ ఉంటుంది. ఇంకేముంది, నేనే. అప్పటి నుంచి ఇంట్లో బండి పెట్టినప్పుడల్లా ఎడమవైపును గోడకు ఆనించినంత దగ్గరగా పెట్టేదాన్ని. మా ఆయన ఎక్కాల్సి వస్తే బండిని ముందే బయటికి తీసి, తలుపు తెరిచి పట్టుకుని, గీతకు అడ్డంగా నిలబడేదాన్ని. ఆయన మర్యాద అనుకునేవాడేమో. ఆదివారాలు ఆయన నడిపి తెచ్చినప్పుడు కూడా అలాగే గోడకు ఆనించి పెట్టేవాడు, నాకంటే దగ్గరగా. నన్ను చూసి నేర్చుకున్నాడని మురిసిపోయాను కూడా.

మర్నాడు ఇన్సూరెన్సు వాళ్లకు ఫోన్ చేస్తే ఒక అమ్మాయి తియ్యటి గొంతుతో అన్నీ అడిగింది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరికైనా దెబ్బ తగిలిందా. అన్నీ నిజమే చెప్పాను. చివర్లో అడిగింది, ఇంకేమైనా డ్యామేజ్ ఉందా మేడమ్ అని.

మా నాయన దుకాణంలో గిన్నె తూచి, పొట్లం కట్టి, డబ్బు పెట్టెలో వేశాక గిరాకీ అడుగుతుంది, ఒక చెంచా వేయరాదా శేఠ్ అని. ఆ చెంచా ధర ముందే గిన్నెలో కలిసి ఉంటుంది. కొసరు అడగని గిరాకీని మా నాయన నమ్మేవాడు కాదు, తన తూకంలో తనకే అనుమానం వచ్చేది. అడగడం వాళ్ల వంతు, గునిసి వేయడం మన వంతు. ఆ అమ్మాయి 'ఇంకేమైనా' అనగానే నా చెయ్యి దానంతటదే చెంచాల డబ్బా వైపు వెళ్లింది.

ఉందన్నాను. ఎడమవైపు వెనక తలుపు కూడా గీసుకుపోయిందన్నాను.

కాదంటే కాదంటారు, ఇవ్వరు, అంతే కదా అనుకున్నాను. కొసరు ఇవ్వనంత మాత్రాన ఏ దుకాణదారుడూ తూచిన సరుకు వెనక్కి లాక్కోడు. ఫారం మీద సంతకం బండి ఓనరు చేయాలి. మా ఆయన కాగితాన్ని అలవాటు ప్రకారం పైనుంచి కిందికి చదివాడు, ఒకచోట కళ్లజోడు సర్దుకున్నాడు, సంతకం పెట్టి ఇచ్చాడు. ఏమీ అడగలేదు. గండం గడిచిందనుకున్నాను.

బండిని వర్క్‌షాపులో ఇచ్చాం. రెండో రోజు సర్వేయర్ వచ్చాడు. నా కొడుకు వయసుంటుంది. ముందు భాగం అంతా ఫోటోలు తీసుకున్నాడు, సరే మేడమ్ అన్నాడు. వెనక తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ముందట స్కూటర్‌ను గుద్దితే ఎనక డోర్‌కు ఎట్ల తగిలింది మేడమ్?"

నిజానికి అక్కడే నవ్వేసి, పోనీలే కొట్టెయ్ నాయనా అంటే అయిపోయేది. మా దుకాణంలో అలాగే అయిపోయేది. కానీ అతను నవ్వకుండా అడిగాడు, నవ్వకుండా అడిగినవాడి ముందు తగ్గితే దొంగనవుతానేమో అనిపించింది. గుద్దాక స్కూటర్ పక్కకు ఒరిగిందన్నాను. పక్కకు పడి, తలుపు దాకా వచ్చిందన్నాను. మాట నోట్లోంచి పోతుండగానే ఆ స్కూటర్ ఎంత వంకర తిరిగితే అక్కడికి రాగలదో నాకే బొమ్మ కట్టింది.

అతను తల ఊపాడు. ఇది ఇట్ల రాస్తే ఆఫీసు ఒప్పుకోదని, మాట ఒకదానికొకటి కలవకపోతే ఫైలు మొత్తం ఎంక్వైరీకి పోతుందని, అప్పటిదాకా బంపర్ కూడా ఆగిపోతుందని, చాలా మర్యాదగా చెప్పాడు. ఆ స్కూటర్ మేడమ్‌తో ఒకసారి మాట్లాడతాను, నంబరుందా అన్నాడు. లేదంటే ఇంకా అనుమానం. ఇచ్చాను.

ఎంక్వైరీ. మా ఆయన పేరు పెట్టి మరీ చెప్పిన మాటల్లో అదొకటి.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెబితే నవ్వుతారు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని, మోగకపోతే సిగ్నల్ ఉందో లేదోనని డాబా ఎక్కేదాన్ని. పప్పులో ఉప్పు ఒకరోజు వేయలేదు, మర్నాడు రెండింతలు వేశాను. మా ఆయన అదీ తిన్నాడు, ఇదీ తిన్నాడు, దేనికీ ఏమీ అనలేదు. అది నన్ను మరింత భయపెట్టింది. గోడకు కొట్టిన మేకుకు తాళంచెవి వేలాడుతూ ఉండేది. బండి వర్క్‌షాపులో ఉన్నా, రెండో తాళంచెవి అక్కడే ఉండేది. మా బన్సీలాల్‌పేట్ సందుల్లో నడిచి వెళ్లి బస్సెక్కి ఒక హాస్టల్‌కు నమూనాలు మోసుకుపోయాను. దించేటప్పటికి భుజం పడిపోయింది. ఇక ముందంతా ఇంతేనేమో అనుకున్నాను.

చివరికి ఒక ఉపాయం తోచింది. ఆ టీచరమ్మ దగ్గరికి పోయి మాట కలుపుకుందామని. స్కూటర్ కాస్త ఒరిగిందేమో కదా అంటే, ఏమో అండి అంటే చాలు. ఆ 'ఏమో'ను పట్టుకుని నేను ఎంత దూరమైనా పోగలను. ఊరికే పోకూడదు కాబట్టి, దుకాణంలో మంచి బరువైన స్టీలు డబ్బా ఒకటి ఏరి, నిండా చెగోడీలు పోసి, సాయంత్రం ఆటోలో లాలాగూడ వెళ్లాను.

చిన్న ఇల్లు, వరండా నిండా పూలకుండీలు. గోడకు బైబిలు వాక్యం రాసిన క్యాలెండర్. ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. నన్ను చూసి సంతోషపడింది, నిజంగానే. పేపర్లు పక్కకు జరిపి, చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి టీ తెచ్చింది. చెయ్యి ఏమైనా నొప్పిగా ఉందా అక్కా, నడుం పట్టిందా అని నేను దూరం నుంచి మొదలుపెట్టాను. ఏం లేదంది. స్కూటర్ బాగా నడుస్తోందా అన్నాను. నడుస్తోందంది. ఇక విషయంలోకి దిగుదామని గొంతు సవరించుకున్నాను.

"మీ ఇన్సూరెన్సు అబ్బాయి నిన్న ఫోన్ చేశారండి," అంది ఆవిడే.

టీ గ్లాసు పట్టుకున్న వేళ్లు కాలుతున్నా దించలేకపోయాను. ఏమని అడిగాడన్నాను.

"స్కూటర్ పడిపోయిందా అని అడిగారండి. లేదండి, దేవుడి దయవల్ల పడలేదు అన్నాను. తలుపుకేమైనా తగిలిందా అన్నారు. నేను ఆవిడ కారు పక్కకు వెళ్లి చూడలేదండి, చూడనిది ఎలా చెప్పను అన్నాను." ఆగి, నా మొహం చూసి, "ఏమైనా తప్పుగా చెప్పానా అండీ?" అంది.

మెట్టు లేని మనిషి అని ముందే చెప్పాను కదా. నేను ఎన్ని అబద్ధాలాడిన వాళ్లతోనైనా బేరం చేయగలను. ఆవిడ అలా అడిగితే ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు. తప్పేం లేదక్కా, అంతా కరెక్టే చెప్పినవ్ అన్నాను. లేచాను. చెగోడీలు పళ్లెంలోకి ఒంపుకుని, డబ్బా కడిగి తుడిచి, అందులో ఇంట్లో చేసిన కేకు ముక్కలు పెట్టి, ఇదిగోండి మీ డబ్బా అని నా చేతికిచ్చింది. డబ్బా కూడా ఆవిడకేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆటోలో ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఇంటికి వచ్చేలోపు సర్వేయర్ ఫోన్ చేశాడు. పొద్దున ఓనర్ సార్‌ను తీసుకుని వర్క్‌షాపుకు రమ్మన్నాడు.

మా ఆయన ఆఫీసుకు లేటవుతుందని ఫోన్ చేసి, చొక్కా గుండీలు పెట్టుకుని తయారయ్యాడు. దారంతా నాకు చెప్పేద్దామా అనుకోవడం, వర్క్‌షాపు ఇంకొంచెం దూరంగా ఉంటే బాగుండని అనుకోవడం, ఇదే సరిపోయింది.

బండి ముందు భాగం విప్పి ఉంది. బంపర్ లేని కారు పళ్లూడిన మొహంలా ఉంది. సర్వేయర్ వెనక తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"మేడమ్, స్కూటర్ పడలేదంట కదా," అన్నాడు.

"పడలే," అన్నాను. "డోర్ కొట్టెయ్ బాబూ. గది పాత గీత. ముందట ఒక్కటే రాసుకో."

చెప్పేశాక ఊపిరి వదిలాను గానీ తేలికపడలేదు. మా ఆయన వైపు చూడలేదు. సర్వేయర్ కొట్టేస్తానన్నాడు. అయితే ముందు చెప్పిన మాట రికార్డులో ఉంది కాబట్టి, ఇది పాతదని, ఎలా తగిలిందని, ఓనరు ఒక లైను రాసి సంతకం పెట్టాలన్నాడు. అలా రాసిస్తే ఎంక్వైరీకి పంపనవసరం లేదన్నాడు. నిజం చెబితే తాళంచెవి పోతుంది. చెప్పకపోతే ఎంక్వైరీ, అప్పుడూ తాళంచెవి పోతుంది. ఎటు తూచినా ఒకటే బరువు.

"నేనే," అన్నాను. "ఎండాకాలంల. సెల్లార్‌ల పిల్లర్‌కు గీకింది."

లోపల ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు.

"పిల్లర్ కాదు," అన్నాడు మా ఆయన, గీత వైపే చూస్తూ. "మన గేటు."

"గేటుకు నేనెప్పుడు గీకిన?"

"నువ్వు కాదు. నేను."

అప్పుడు చూశాను ఆ గీతను, మొదటిసారి సరిగ్గా. ఆ నీలం సెల్లార్ స్తంభాల నీలం కాదు. మా పాత గేటు నీలం. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ బ్రష్షు పట్టని మనిషి, ఎండాకాలంలో ఒక ఆదివారం ఉన్నట్టుండి డబ్బా తెచ్చి, చెమటలు కారుస్తూ గేటు మొత్తానికి ముదురు గోధుమ రంగు వేశాడు. నేను మజ్జిగ కలిపి ఇచ్చి, ఎంత మంచి ఆయనో అని పక్కింటావిడకు చూపించాను. ఫారం మీద ఒకచోట కళ్లజోడు ఎందుకు సర్దుకున్నాడో, బండిని నాకంటే గోడకు దగ్గరగా ఎందుకు పెట్టేవాడో, ఉప్పు లేని పప్పు ఎందుకు నోరెత్తకుండా తిన్నాడో, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి.

"మరి నాతోని ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? ఒక్క గీత అని నేనే కదా షరతు పెట్టింది." గొంతు తగ్గించాడు. "ఇన్సూరెన్సుల పోతే పోనీ అనుకున్న."

సర్వేయర్ దగ్గు ఒకటి దగ్గి, పెన్ను మా ఆయనకు ఇచ్చాడు. ఇంటి గేటుకు తగిలింది అని ఆయన గుండ్రటి అక్షరాలతో రాశాడు. సంతకం పెట్టి కింద గీత గీశాడు. నెలల తరబడి ఎడమవైపు తలుపును కాపలా కాసింది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఇంత పెద్ద బేరం చేతికందేలా పెట్టుకుని, నా తప్పే అనుకుంటూ తిరిగిన బేరగత్తెను నేను. మా నాయన ఉంటే గల్లా మీద నన్ను మళ్లీ కూర్చోనిచ్చేవాడు కాదు.

క్లెయిమ్ పాసైంది. ప్లాస్టిక్ సామానుకు సగమే ఇస్తామన్నారు. అలవాటు కొద్దీ నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. తలుపు గీత అలాగే ఉంది, అది మా లెక్క.

బండి తెచ్చుకోవడానికి ఇద్దరం వెళ్లాం. వర్క్‌షాపు వాళ్లు తాళంచెవి ఓనరు చేతికే ఇస్తారు. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. గిన్నె చేతిలో పట్టుకుని ఆలోచిస్తున్న గిరాకీతో మాట్లాడకూడదని దుకాణంలో నేర్చుకున్నాను. మాట్లాడలేదు. గుండె మాత్రం డిక్కీలో మూతల్లా మోగుతూనే ఉంది. గేటు సంగతి ఎత్తితే వెంటనే నా చేతికి వస్తుందని తెలుసు. అందుకే ఎత్తలేదు.

"గీతల లెక్క తీస్తే నేను ఆదివారం సుత మెట్రోకే పోవాలె," అని నా చేతిలో పెట్టి, ఎడమవైపుకు నడిచాడు. "జెర మెల్లగ పోనియ్. ఎనక్కి చూడకు."

ఇల్లు చేరాక ఆయన ముందుగా దిగి గేటు తీశాడు. ఎప్పటిలాగే చెయ్యి ఊపుతూ, ఇంకా గోడకు, ఇంకా గోడకు అన్నాడు. సగంలో చెయ్యి ఆగిపోయింది. తలుపు వైపు చూశాడు, గేటు వైపు చూశాడు.

"చాల్తియ్. గట్లనే ఉండనియ్," అన్నాడు.

గోడకు ఇంత జాగా వదిలి ఇంజిన్ ఆపాను.